గ్రాండ్ పియానో టచ్: లోతు సమానంగా పెట్టడం మేలా, వేలికి సమానంగా తగిలేలా పెట్టడం మేలా?

హనుమకొండలో పిల్లలకు పియానో నేర్పే ఒక మేడమ్ పోయిన జూన్ చివర్లో ఫోన్ చేశారు. "సార్, మెట్లన్నీ ఒక్కటే లోతుకు దిగుతున్నయి. మొన్ననే ఒకతను వచ్చి కొలిచి మరీ పెట్టిపోయిండు. అయినా మెల్లగ వాయిస్తే కొన్ని మోగుతయి, కొన్ని మోగవు. పిల్లలు తమ వేళ్ళదే తప్పనుకుంటున్నరు."

ఆ చివరి మాట విన్నాక ఆగలేకపోయాను, మర్నాడే వెళ్ళాను. పాత జపాన్ గ్రాండ్, బాగా వాయించిన పియానో. ముందు వచ్చినతను పని ఎగ్గొట్టలేదు. లోతు కొలిచే చెక్కముక్క, అంటే బ్లాక్, పెట్టి చూస్తే తెల్ల మెట్లన్నీ సరిగ్గా 10 మిల్లీమీటర్లే దిగుతున్నాయి. తేడా ఎక్కడుందో తెలియాలంటే మెట్టు నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఒక మెట్టును చాలా మెల్లగా, శబ్దం రాకుండా నొక్కి చూడండి. తీగను కొట్టే చిన్న సుత్తి, అంటే హామర్, తీగ వైపు లేస్తుంది. అడుగుకు చేరబోయే ముందు వేలికి చిన్న అడ్డు తగులుతుంది. హామర్‌ను ఎత్తుతున్న జాక్ అక్కడ పక్కకు తప్పుకుంటుంది. దాన్నే లెట్ ఆఫ్ అంటారు. అప్పటికి హామర్ తీగకు రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, వాయించేటప్పుడు ఆ చివరి దూరం తన ఊపుతోనే పోతుంది. అడ్డు దాటాక మెట్టు ఇంకాస్త, సుమారు ఒక మిల్లీమీటరు, దిగి ఫెల్ట్ మీద ఆగుతుంది. ఈ చివరి దిగుడు పేరు ఆఫ్టర్‌టచ్. ఇది తక్కువైతే జాక్ పూర్తిగా తప్పుకోదు, మెల్లగా వాయించినప్పుడు హామర్ తడబడుతుంది. ఎక్కువైతే మెట్టు బురదలో దిగినట్టుంటుంది, వేగంగా వాయించేటప్పుడు చెయ్యి అలసిపోతుంది.

సర్దడానికి దారులు రెండు. మొదటిది లోతును స్థిరంగా పట్టుకోవడం: ప్రతి మెట్టుకూ 10 మిల్లీమీటర్లు, హామర్లన్నీ తీగకు 46 మిల్లీమీటర్ల దూరంలో ఒకే వరసలో. ఆఫ్టర్‌టచ్ ఎంత వస్తే అంత. రెండోది ఆఫ్టర్‌టచ్‌ను పట్టుకోవడం: హామర్ వరస, లెట్ ఆఫ్ ముందే సరిచేసుకుని, అడ్డు తర్వాతి దిగుడు అన్ని మెట్లకూ ఒకేలా వచ్చేదాకా మెట్టు కింద కాగితపు వాషర్లు తీయడం, వేయడం. అప్పుడు లోతు ఒకచోట 9.8, ఇంకోచోట 10.2 అవుతుంది.

కొత్త పియానోలో ఈ రెండూ దాదాపు ఒకచోటికే వస్తాయి. అక్కడ బ్లాక్ పద్ధతే మేలు. పని తొందరగా అవుతుంది, రేపు ఇంకొకరు వచ్చినా కొలత దొరుకుతుంది. పాత పియానో అలా కాదు. హామర్ కాడ కింద తోలు చుట్టిన చిన్న దిండు ఉంటుంది. మధ్య సప్తకాల్లో అది నలిగి చదునైపోతుంది, చివరి స్వరాల దగ్గర గుండ్రంగానే ఉంటుంది. ఫెల్టులు కూడా అంతే, వాడినచోట అణిగిపోతాయి. భాగాలు ఒక్కోచోట ఒక్కోలా అరిగినప్పుడు కొలత ఒకటే పెడితే ఫలితం ఒకటి రాదు.

చిన్న లెక్క చూడండి. రెండు మెట్ల లోతులో 0.2 మిల్లీమీటర్ల తేడా ఉందనుకోండి. 10లో అది యాభయ్యో వంతు. ఇన్నేళ్ళలో అంత తేడా పట్టుకున్న విద్యార్థిని నేను చూడలేదు. అదే 0.2 ఆఫ్టర్‌టచ్‌లో తగ్గితే ఒకటిలో ఐదో వంతు పోయినట్టు. అది చిన్నపిల్లల వేలికీ తెలుస్తుంది. అందుకే అరిగిన పియానోకు నా ఓటు రెండో దారికే. తెల్ల మెట్లను బ్లాక్‌తో కొలిచే మెకానిక్కులు కూడా చాలామంది నల్ల మెట్లను ఆఫ్టర్‌టచ్ చూసే సర్దుతారు.

మెట్టు వెనకవైపు హామర్ ఎత్తును సర్దే క్యాప్‌స్టన్ స్క్రూ తిప్పి హామర్‌ను కాస్త పైకి లేపినా ఆఫ్టర్‌టచ్ పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. మెట్టు ఒక మిల్లీమీటరు దిగితే హామర్ సుమారు ఐదు లేస్తుంది కాబట్టి, 0.2 కావాలంటే హామర్‌ను ఒక మిల్లీమీటరు ఎత్తాలి. వరస ఎగుడుదిగుడవుతుంది, ఆ స్వరం బలమూ కాస్త తగ్గుతుంది. ఒకటి రెండు చోట్లయితే పర్వాలేదు, అలవాటు చేసుకోకూడదు.

రెండో దారికీ హద్దుంది. ఏదైనా మెట్టు 9.5 కన్నా తక్కువో 10.5 కన్నా ఎక్కువో అడిగితే నేను వాషర్ ముట్టుకోను. జాక్ సరిగ్గా తోలు దిండు కిందే ఉందా, స్క్రూ వదులైందా అని చూస్తాను. కాగితంతో రోగాన్ని కప్పితే అది వేరేచోట బయటపడుతుంది.

మేడమ్ ఇంట్లో మూడో మాటా వచ్చింది. మెట్లు బరువుగా ఉన్నాయి, సీసం బిళ్ళలు వేయించమని ఎవరో చెప్పారట. తూకం రాళ్ళు పెట్టి చూశాను. మధ్య ఫా దిగడానికి 62 గ్రాములు పట్టింది, తిరిగి లేస్తూ మోసింది 12 మాత్రమే. రెండూ కలిపి సగం చేస్తే 37, మెట్టు అసలు తూకం అది. తేడాలో సగం 25, అది రాపిడి. సీసంతో తూకం మారుతుంది గానీ రాపిడి తగ్గదు. తప్పు తేమది. పియానో పక్కనే వాటర్ కూలర్! మేలో మన దగ్గర 43, 44 డిగ్రీలు, కూలర్ లేకుండా ఎవరుంటారు? కానీ ఆ తడిగాలికి, దాని వెంటనే వచ్చే వానలకు మెట్ల బుషింగుల (పిన్ను దూరే రంధ్రంలో అంటించిన గుడ్డ) ఉన్ని ఉబ్బి పిన్నులను పట్టేస్తుంది. కూలర్‌ను హాల్లోకి జరిపించి, బిగిసిన బుషింగులను వదులు చేసి, పది రోజులు ఆగాను. అదే మెట్టు 52కు దిగింది, 22తో లేచింది. తూకం అదే 37, రాపిడి 15. సీసం వేసి ఉంటే చలికాలానికి ఆ మెట్లు తేలిపోయేవి.

వాషర్ల పని ఆ తర్వాతే మొదలుపెట్టాను. యాక్షన్, అంటే మెట్లు, హామర్లు ఉన్న యంత్రభాగం, బయటికి లాగేటప్పుడు ఏ మెట్టూ నొక్కుడుపడకూడదు. హామర్ లేచి ఉంటే చెక్కకు తగిలి కాడ విరుగుతుంది. నా దగ్గర వాషర్లు రంగుల వారీగా ఉంటాయి, అన్నిటికన్నా పల్చనిది జిరాక్స్ కాగితంలో సగం మందం కూడా ఉండదు. ఫా కింద అలాంటివి రెండు తీశాను, పక్కనున్న సోల్ కింద ఒకటి వేశాను. కళ్ళు మూసుకుని రెంటినీ ఒకేసారి మెల్లగా నొక్కితే రెండు వేళ్ళకూ అడ్డు ఒకేసారి తగిలింది, ఆ తర్వాతి దిగుడూ ఒకేలా ఆగింది. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళు పడుగు మీద అరచెయ్యి ఆనించి ఏ పోగు వదులైందో చెబుతారు. ఈ పనిలోనూ స్కేలు కన్నా ముందు చెయ్యే చెబుతుంది.

88 మెట్లకు ఒకటిన్నర రోజు పట్టింది. సాయంత్రం క్లాసుకు వచ్చిన ఒక పాప మెల్లగా వాయించే పాఠం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "మేడమ్, ఇప్పుడు ఫా నేను నొక్కకముందే వింటుంది" అంది.