గని డబ్బు భవనాలకా, మనుషులకా? ఏది మేలు?

"డీఎంఎఫ్‌టీ నిధులతో మా ఊరికి ఏం అడగమంటారు?" బొగ్గు గనులున్న మణుగూరు, సత్తుపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి వైపు నుంచి ఈ ప్రశ్న ఎడతెగకుండా వస్తోంది. డీఎంఎఫ్‌టీ అంటే జిల్లా ఖనిజ నిధి ట్రస్టు, గని వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం గని యాజమాన్యాలు కట్టే డబ్బు ఇందులోకి వస్తుంది. సీసీ రోడ్డా, ఆసుపత్రికి కొత్త బ్లాకా, ఉన్న ఆసుపత్రికి నర్సులా, లేక ఇంటికింత అని పంచమనడమా?

ముందు డబ్బు సంగతి. ఖనిజం తవ్వుకున్నందుకు ప్రభుత్వానికి కట్టేది రాయల్టీ, దాని మీద లెక్కగట్టి ఈ నిధికి అదనంగా కడతారు. 2015 జనవరి 12కి ముందు ఇచ్చిన లీజైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిందైతే 10 శాతం జిల్లా ఖనిజ నిధికి జమ కావాలి. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. పాత లీజులో టన్ను ధర 3,000 రూపాయలు అనుకుంటే రాయల్టీ 420, దాని మీద 30 శాతం లెక్కన నిధికి చేరేది 126. తవ్వకం తగ్గినా, ధర పడినా ఇదీ పడుతుంది. గని మూతపడితే ఆగిపోతుంది. "నిలకడ లేని డబ్బుతో జీతాలు ఎలా ఇస్తాం? కట్టేసి పోదాం" అని అధికారులు అనడానికి కారణం ఇదే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నా లెక్క వేరు.

భవనానికి అనుకూలంగా చెప్పుకోదగ్గవి ఉన్నాయి. ఒకసారి ఖర్చు, కంటికి కనబడుతుంది, ఏ ఏడాది పద్దు ఆ ఏడాదే ముగుస్తుంది, సోషల్ ఆడిట్‌లో, అంటే ఊరివాళ్ల ముందు జరిగే తనిఖీలో, కొలిచి చూడొచ్చు. వాగు పొంగితే 108 వాహనం దాటలేని ఊరికి నర్సు కంటే ముందు వంతెనే కావాలి, అందులో వాదన లేదు. చిక్కల్లా కట్టిన తర్వాత వచ్చే ఖర్చుతోనే. ఊరికో ఆర్‌ఓ ప్లాంటు (తాగునీటిని శుద్ధి చేసేది) పెడతారు. కార్ట్రిడ్జి కొన్ని నెలలకోసారి మార్చాలి, నీటిని వడకట్టే పొర, మెంబ్రేన్, రెండు మూడేళ్లకోసారి మార్చాలి, కరెంటు బిల్లు నెలనెలా కట్టాలి, చూసుకునే మనిషి ఒకరుండాలి. ఇవేవీ అంచనాల కాగితంలో ఉండవు, భారమంతా పంచాయతీ మీద పడుతుంది. మెంబ్రేన్ పోయిన రోజున ప్లాంటు మూతబడుతుంది. ఆసుపత్రికి కొన్న అల్ట్రాసౌండ్ స్కానింగ్ మిషన్‌దీ అదే గతి. పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడా మగా అని చెప్పడాన్ని నిషేధించేది) కింద రిజిస్ట్రేషన్, స్కాన్ చేసే అర్హత గల డాక్టరు లేనిదే దాన్ని ముట్టుకోకూడదు. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే మిషన్‌కు గుడ్డ కప్పి పెట్టాల్సిందే.

"ఆరోగ్యం, చదువు, నీళ్లకే ఎక్కువ పెట్టాలని రూలుందిగా" అంటారు. ఉంది. అధిక ప్రాధాన్య రంగాలకు కనీసం 60 శాతం అని కేంద్రం 2015లో పెట్టి, 2024 మార్గదర్శకాల్లో 70 చేసింది. గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లను నేరుగా నష్టపోయినవిగా గుర్తించి, నిధుల్లో 70 శాతం వాటికే పెట్టమన్నారు. మంచిదే. కానీ ఆసుపత్రి ప్రహరీ గోడ కూడా ఆరోగ్యం పద్దులోకే వెళ్తుంది, బడి గేటు చదువు పద్దులోకి వెళ్తుంది. అంటే 70 శాతం నిబంధన అక్షరాలా పాటించి కూడా ఒక్క నర్సునూ పెట్టకుండా ఏడాది గడిపేయొచ్చు. అందుకే రంగం ఏదన్నది కాదు, పెట్టుబడి ఖర్చా నడిపే ఖర్చా అన్నదే తేల్చేది.

ఉదాహరణకు ఒక పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తీసుకోండి. గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒకటి ఉండాలన్నది ప్రమాణం. నెలకు డాక్టరుకు లక్ష, ఇద్దరు స్టాఫ్ నర్సులకు 70 వేలు, ల్యాబ్ టెక్నీషియన్‌కు 30 వేలు, డ్రైవరుకు 20 వేలు అనుకుందాం. నెలకు 2.2 లక్షలు, ఏడాదికి 26.4 లక్షలు. కొత్త బ్లాకుకు అడిగే 2 కోట్లతో ఈ బృందాన్ని ఏడున్నరేళ్లు నడపొచ్చు. జీతాలు పెంచుతూ పోయినా అయిదారేళ్లకు ఢోకా లేదు. ఇవాళ కడుపులో ఉన్న బిడ్డ అప్పటికి బడికి వెళ్తుంది. ఆ వయసులో అందని తిండి, అందని టీకా తర్వాత ఎంత డబ్బు పోసినా పూర్తిగా పూడ్చలేం. గని ఆయుష్షు ఇరవై, ముప్పై ఏళ్లుంటుంది. నిలకడ లేదన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

"జీతాలకు రూలు ఒప్పుకోదు" అన్నా నమ్మొద్దు. కొత్త పోస్టుల మీద కట్టడి ఉన్నది ట్రస్టు ఆఫీసు నిర్వహణకు, దానికి 5 శాతం పరిమితి కూడా ఉంది. వైద్యం విషయంలో మార్గదర్శకాలు ఇందుకు భిన్నంగా చెబుతున్నాయి: కేవలం కట్టడాలు కాదు, వాటిని నడపడానికి కావలసిన సిబ్బంది, పరికరాలు, మందుల మీద కూడా దృష్టి పెట్టమని. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుము కేకే (కొత్తవలస-కిరందుల్) రైలు లైన్ మీద విశాఖకు చేరుతుంది కదా, ఆ కొండల కింది దంతెవాడలోనూ, పక్కనున్న బీజాపుర్‌లోనూ ఈ నిధులతో డాక్టర్లను పెట్టుకున్నారు.

మనుషుల మీద పెట్టే ఖర్చు దారి తప్పే చోట్లు రెండున్నాయి. మొదటిది జీతం ఆగడం. ప్రతి విడతకూ ట్రస్టు పాలకమండలి సమావేశం దాకా ఫైలు ఆగితే మూడు నెలలు గడుస్తాయి, నర్సు పట్నం దారి పడుతుంది. నియామకానికి ముందే పద్దెనిమిది నెలల జీతం విడి ఖాతాలో వేసి, మూడేళ్ల కాంట్రాక్టు రాసి, చెల్లింపు అధికారం జిల్లా వైద్యాధికారికి అప్పగిస్తే ఇది చాలావరకు తప్పుతుంది. ఉండటానికి క్వార్టరు కూడా ఇవ్వాలి. భవనం మీద పెట్టదగిన డబ్బు ఏదైనా ఉందంటే అది ఇదే. రెండోది ఇంతకంటే ప్రమాదం. డీఎంఎఫ్‌టీ నర్సు వచ్చిందని వైద్య శాఖ తన పోస్టు నింపడం మానేస్తుంది. ఊరికి కొత్తగా దక్కింది సున్నా, శాఖకు ఖర్చు మిగిలింది. కాబట్టి మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అన్నది నియామకం రోజునే రాతపూర్వకంగా తీసుకుని, ఏడాది తర్వాత అదే కాగితంతో సరిపోల్చాలి. గని యాజమాన్యం సొంతంగా చేయాల్సిన పనులు, అంటే రోడ్ల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం లాంటివి, ఈ నిధి నుంచి చేయిస్తుంటే దాన్నీ అక్కడే ఆపాలి.

దాచిపెట్టే మార్గం గురించి రెండు మాటలు. గోవాలో ఇనుప ఖనిజం అమ్మకంలో 10 శాతం శాశ్వత నిధికి పెట్టమని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. డీఎంఎఫ్‌టీలోనూ ఏటా వచ్చే దాంట్లో 10 శాతం దాకా ఎండోమెంటుగా, అంటే గని తర్వాతి రోజుల కోసం పెట్టే నిల్వగా, దాచే వీలు 2024లో వచ్చింది. ఏటా 10 కోట్లు 7 శాతం వడ్డీకి వేస్తే ఇరవై ఏళ్లకు సుమారు 410 కోట్లు. ధరల పెరుగుదల 5 శాతం అనుకుని, అసలు విలువ తరగకుండా 2 శాతమే తీస్తే ఏటా 8.2 కోట్లు. ఈనాటి విలువలో అది 3 కోట్ల పైచిలుకు. పదకొండు పీహెచ్‌సీ బృందాల జీతం. గని మూతపడ్డాక వాళ్లను నిలబెట్టేది ఇదే, కనుక ఈ 10 శాతాన్ని వదులుకోకూడదు. అంతకు మించి దాచడం మాత్రం ఇవాళ్టి పిల్లల నోటి దగ్గరిది తీసి పెట్టుకోవడమే.

నగదు పంపకం: అమెరికాలోని అలాస్కాలో చమురు డబ్బుతో పెట్టిన నిధి నుంచి 1982 నుంచి ఏటా ఇస్తున్నారు. మన దగ్గర 100 కోట్లను 2 లక్షల మందికి పంచితే తలకు 5,000. డబ్బు చేతికొస్తుంది, డాక్టరు రాడు. జాబితాలో పేరులేని వలస కార్మికుల కుటుంబాలకు అదీ రాదు. నైపుణ్య శిక్షణ అంటారా, నేర్చుకున్నాక ఉద్యోగం ఎక్కడో ముందే చెప్పగలిగితేనే.

షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన గిరిజన ప్రాంతంలో, అయితే ప్రణాళికకు గ్రామసభ ఆమోదం తప్పనిసరి. ప్రతి పనికీ మూడు కాగితాలు అడగండి: మొదటి అయిదేళ్ల నడిపే ఖర్చు అంచనా, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో ఆ శాఖ ఇచ్చిన లేఖ, ఖాళీ పోస్టుల పట్టిక. ఈ మూడూ లేకుండా తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టకండి.