మందులకు తోడుగా నేను వాడినవి: రెండు కాన్పుల తర్వాత నా సమీక్ష

నాకు మొదటిది మామూలు కాన్పు, కింద కుట్లు పడ్డాయి. రెండోది సిజేరియన్. నొప్పి తగ్గడానికి, త్వరగా కోలుకోవడానికి ఐస్ ప్యాక్, సిట్జ్ బాత్ టబ్, పొట్టకు పెట్టుకునే బెల్టు, టెన్స్ మెషీన్, పాలిచ్చేటప్పుడు వాడే దిండు, బొటనవేలిని కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్, మచ్చకు సిలికాన్ షీట్లు, వీటితోపాటు పెల్విక్ ఫ్లోర్ (మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు) వ్యాయామాలు, అన్నీ వాడి చూశాను. కొన్ని తొలి వారాల్లోనే అటకెక్కాయి. కొన్ని పిల్లలు పరుగులు పెట్టే వయసు వచ్చాక కూడా వాడుతూనే ఉన్నాను. ఏది పనిచేసిందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు పనిచేసిందన్నది కూడా అంతే ముఖ్యం. తొలి రోజున ప్రాణం లేచొచ్చినట్టనిపించిన వస్తువు మూడో వారానికి ఎందుకూ కొరగాకుండా పోతుంది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒకటి చెప్పాలి. మందులు మానేయమని నేను చెప్పడం లేదు. డాక్టర్ రాసిన పారాసిటమాల్ నేనూ వేసుకున్నాను. ముఖ్యంగా సిజేరియన్ అయిన తొలి రోజుల్లో మందు లేకుండా ఓర్చుకోమని ఎవరన్నా వినకండి. నొప్పికి భయపడి మంచం దిగకపోతే నడక ఆలస్యమవుతుంది. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకంటే ఎక్కువ. ఆస్పత్రిలో త్వరగా లేపి నడిపించేది అందుకే. నేను చెప్పేవన్నీ మందుతో కలిపి వాడుకునేవి, మందు అవసరాన్ని మెల్లగా తగ్గించేవి.

మామూలు కాన్పులో కుట్లు పడ్డవాళ్లకు తొలి రెండు రోజులూ ఐస్ ప్యాక్‌కు సాటి వచ్చేది నాకు కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రసవానంతర సంరక్షణ సిఫార్సుల్లో కూడా ఆ భాగంలో నొప్పికి చల్లటి ప్యాక్‌లు వాడవచ్చని ఉంది. చల్లదనానికి రక్తనాళాలు కుంచించుకుని వాపు తగ్గుతుంది, నొప్పి కబురు మోసే నరాలు కాస్త మందగిస్తాయి. పల్చటి శుభ్రమైన గుడ్డ చుట్టి 10 నుంచి 20 నిమిషాలు పెట్టుకునేదాన్ని. నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు, చల్లదనానికి కూడా చర్మం దెబ్బతింటుంది. గట్టిగా రాయిలా ఉండే ప్యాక్ ఆ చోట అస్సలు అమరదు. శానిటరీ ప్యాడ్‌ను నీళ్లతో తడిపి ఫ్రీజర్‌లో పెట్టి తీసి, గుడ్డ చుట్టి వాడితే అదే అన్నిటికంటే బాగా ఒదిగింది. వాపు దిగాక మాత్రం ఐస్ వల్ల సుఖం కన్నా వణుకే ఎక్కువైంది. అక్కడితో ఆపేశాను.

అక్కడి నుంచి గోరువెచ్చటి నీళ్లు. కమోడ్ మీద సరిపోయేలా చేసిన చిన్న టబ్‌లో, కింది భాగం మునిగేలా నీళ్లు పోసుకుని 10, 15 నిమిషాలు కూర్చోవడమే సిట్జ్ బాత్. రోజుకు రెండు మూడుసార్లు చేసేదాన్ని. నీళ్లలో ఏమీ కలపక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. కుట్ల చుట్టూ బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. పైల్స్ ఉన్నవాళ్లకైతే దీని విలువ రెండింతలు. నాకు కాన్పుతో పాటు అవీ వచ్చాయి కాబట్టి చెప్పగలను. లేచాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. టబ్‌ను ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. మొదటిసారి కూర్చునేటప్పుడు తలుపు గడియ పెట్టుకోకుండా, బయట ఎవరైనా ఉండేలా చూసుకోండి. రక్తం పోయి నీరసంగా ఉన్న ఒంటికి వేడి నీళ్లలోంచి లేవగానే కళ్లు తిరగవచ్చు.

ఈ రెండింటికంటే చిన్న వస్తువు, మూతికి సన్నటి రంధ్రాలున్న ప్లాస్టిక్ సీసా, నా లెక్కలో వాటికంటే పైన ఉంటుంది. మూత్రం పోసేటప్పుడు కుట్ల మీద పడి మంట చురుక్కుమంటుంది. అదే సమయంలో సీసాతో గోరువెచ్చటి నీళ్లు ధారగా పోసుకుంటే ఆ మంట చాలావరకు తెలియదు. మంటకు భయపడి మూత్రం ఆపుకునే బాలింతలు చాలామంది. ఆపుకుంటే నిండిన మూత్రసంచి గర్భసంచిని ముడుచుకోనివ్వదు, కడుపులో నొప్పులూ పెరుగుతాయి. అందుకే ఇంత చిన్న సీసాను అంత పైన పెట్టాను.

మొదటిసారి విరేచనానికి వెళ్లాలంటే పుట్టే భయం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కుట్లు విప్పుకుపోతాయేమోనన్న టెన్షన్‌తోనే మలబద్ధకం సగం పెరుగుతుంది. పాదాల కింద చిన్న పీట పెట్టుకుని మోకాళ్లు తుంటికంటే ఎత్తుగా ఉండేలా కూర్చుని, కాస్త ముందుకు వంగి, ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఉంటే ముక్కాల్సిన పని తగ్గుతుంది. శుభ్రమైన ప్యాడ్‌ను కుట్ల మీద చేత్తో అదిమి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. దీనికి నీళ్లు, పీచు ఎక్కువున్న తిండి తోడవ్వాలి. ఆ పీట మా బాత్రూంలో ఇప్పటికీ ఉంది, ఇంట్లో అందరూ వాడుతున్నారు.

మధ్యలో రంధ్రం ఉండే రింగు కుషన్ మాత్రం నాకు నచ్చలేదు. చుట్టూ ఒత్తుకుని మధ్యభాగం కిందకి వేలాడినట్టవుతుంది, కుట్లు లాగుతున్నట్టు అనిపించింది. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్చుకున్నాక కూర్చోవాల్సిన అవసరమే తగ్గింది. డబ్బు పెట్టి కొనే ముందు ఈ పద్ధతి నేర్పమని నర్సును అడగండి.

రెండో కాన్పులో నన్ను కదిలించేసింది కోత నొప్పి కాదు, పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో వచ్చే తీపులు. బిడ్డ పాలు తాగేటప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది. కాన్పు అయిన వెంటనే దాదాపు కిలో బరువుండే గర్భసంచి ఆరు వారాల్లో 100 గ్రాముల లోపుకు వస్తుంది. అంత పని జరుగుతున్నప్పుడు నొప్పి రాక తప్పదు. మొదటి కాన్పుకంటే తర్వాతి కాన్పుల్లో ఈ తీపులు ఎక్కువ. పాలివ్వడానికి ముందు మూత్రానికి వెళ్లి రావడం, వేడి నీళ్ల సంచిని గుడ్డలో చుట్టి నడుముకు పెట్టుకోవడం, తీపు వచ్చినప్పుడు నిదానంగా ఊపిరి వదలడం, ఈ మూడూ కలిస్తేనే తేడా కనిపించింది. సిజేరియన్ అయినవాళ్లు వేడిని కోత దగ్గరకు తేకండి. అక్కడ చర్మం మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలియదు. మొదటి వారం దాటేసరికి ఈ తీపులు వాటంతటవే సద్దుమణిగాయి.

సిజేరియన్ విషయంలో నేను అన్నిటికంటే ముందు చెప్పాలనుకునేది ఏ పరికరం గురించీ కాదు. మంచం మీద నుంచి లేచే పద్ధతి గురించి. వెల్లకిలా పడుకుని నేరుగా లేవబోతే పొట్ట కండరాలన్నీ కోత మీదే గుంజుతాయి. మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా ఒంటిని దుంగలా పక్కకు దొర్లించి, కాళ్లు మంచం కిందకి జార్చి, అదే సమయంలో మోచేత్తో, అరచేత్తో నెట్టుకుంటూ లేవాలి. ఊపిరి వదులుతూ లేవాలి, బిగబట్టకూడదు. మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ పక్కన నిలబడి చేయించింది. అప్పటిదాకా బాత్రూంకు వెళ్లాలంటేనే ఏడుపొచ్చేది. ఆ తర్వాత నొప్పి పోలేదు గానీ నేను భరించగలిగే స్థాయికి వచ్చింది. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చే ముందు చిన్న దిండును కోత మీద రెండు చేతులతో అదిమి పట్టుకోవడం కూడా ఇలాంటిదే. ఆ దిండు చాలాకాలం నా చంకలోనే ఉండేది. ఇప్పటికీ నేను పక్కకు దొర్లే లేస్తాను, నడుముకు కూడా అదే మంచిది.

బెల్టు గురించి జనం ఎక్కువ ఆశపడతారు. అది పొట్ట తగ్గించదు. గర్భసంచి దానికదే ముడుచుకోవాలి, కండరాలు వ్యాయామంతో దగ్గరవ్వాలి. అయినా సిజేరియన్ తర్వాత లేచి నడిచేటప్పుడు బెల్టు ఉంటే కోతకు ఆసరా దొరికి నడక తేలికైంది. ఆ పనికి మాత్రం మంచి మార్కులు ఇస్తాను. బిగించి కట్టకూడదు. పొట్టను నొక్కితే ఆ ఒత్తిడి కిందకి, అసలే సాగి నీరసపడ్డ పెల్విక్ ఫ్లోర్ మీదకి దిగుతుంది. నిండా ఊపిరి తీసుకోగలిగేంత వదులు ఉండాలి. పడుకునేటప్పుడు తీసేసేదాన్ని. నడక కుదురుకోగానే మొత్తానికే మానేశాను.

టెన్స్ మెషీన్‌కు నా తీర్పు సగం సగం. చర్మం మీద అతికించే ప్యాడ్‌ల ద్వారా చిన్న విద్యుత్ తరంగాలు పంపుతుంది, జివ్వుమంటుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం స్పర్శ మోసే నరాలు చురుగ్గా ఉంటే వెన్నుపాములో నొప్పి కబురుకు దారి ఇరుకవుతుంది. ప్యాడ్‌లను గాయం మీద పెట్టకూడదు, కోతకు ఇరువైపులా, బాగున్న చర్మం మీద పెట్టాలి. నాకు కోత చుట్టూ ఉండే పైపైన సలుపు మెషీన్ నడుస్తున్నంతసేపూ తగ్గేది, ఆపాక కొద్దిసేపు నిలిచేది. గర్భసంచి తీపుల మీద దాని ప్రభావం నాకు కనిపించలేదు. కానీ బిడ్డను ఎత్తుకుని వచ్చిన నడుము నొప్పికి తర్వాత చాలాకాలం వాడాను, అక్కడ బాగా పనికొచ్చింది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. నిద్రపోయేటప్పుడు వద్దు. ప్యాడ్‌ల జిగురు తగ్గితే కరెంటు ఒకేచోట సూదిలా గుచ్చుతుంది, అప్పుడు మార్చేయాలి. కొనే ముందు ఫిజియో దగ్గర ఒకసారి పెట్టించుకుని చూడటం మేలు.

పాలు పడ్డప్పుడు రొమ్ములు రాళ్లలా గట్టిపడితే గట్టిగా పిసికి వేడి కాపడం పెట్టమని చాలామంది చెబుతారు. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే డాక్టర్ల సంస్థ 2022లో మార్చిన మార్గదర్శకంలో రొమ్ము వాపుకు చల్లటి ప్యాక్‌లు, బిడ్డకు కావాల్సినంత పాలివ్వడం చెప్పి, గట్టి మసాజ్ వద్దంది. నా అనుభవమూ అదే. పాలిచ్చిన తర్వాత చల్లటి గుడ్డ వేసుకుంటే పోటు తగ్గేది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్లేలా పట్టించడం కుదిరాక సగం బాధ తీరింది.

ఇంటికొచ్చాక ఒంట్లో ఓపిక వచ్చిందనిపించిన రోజున ఎక్కువ తిరిగితే, గోధుమ రంగులోకి మారిన రక్తస్రావం మళ్లీ ఎర్రబడుతుంది. తగ్గి పడుకోమని ఒళ్లు చెబుతున్నట్టు లెక్క. పడుకున్నా తగ్గకుండా గంటలో ప్యాడ్ నిండా తడిసిపోతే, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వస్తే, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే, ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారే తలనొప్పి ఉంటే ఐస్ ప్యాక్‌లూ టబ్‌లూ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు పోటు నాకు రెండోసారి వచ్చింది. పిల్లల్ని చంకల కింద బొటనవేళ్లు విప్పి ఎత్తేవాళ్లకు ఇది మామూలే. డి క్వెర్వైన్ అనే పేరుతో పిలుస్తారు. స్ప్లింట్ ఉపశమనం ఇచ్చింది. బిడ్డ పిరుదుల కిందా, మెడ కిందా అరచేతులు చేర్చి ఎత్తడం అలవాటయ్యాకే అది పూర్తిగా పోయింది.

సిలికాన్ షీట్లు కోత పూర్తిగా మానాకే వాడాను. మచ్చ మెత్తబడింది. మొద్దుదనం మాత్రం నెలల తరబడి ఉండి నెమ్మదిగా తగ్గింది.

అన్నిటికంటే ఆలస్యంగా ఫలితమిచ్చింది, అన్నిటికంటే ఎక్కువ ఇచ్చింది పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ వీటిని ప్రచారంలోకి తెచ్చారు. గ్యాస్ ఆపుకున్నట్టు ఆ కండరాలను లోపలికి, పైకి లాగి, 10 సెకన్ల దాకా నిలిపి, పూర్తిగా వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. నాకు మొదట్లో మూడు సెకన్లు కూడా నిలిచేది కాదు. తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు, మూత్రం మధ్యలో ఆపి సాధన చేయకూడదు. మొదటి కాన్పు తర్వాత తుమ్మితే మూత్రం చుక్కలు పడేవి, వయసు మీద పడ్డట్టు కుంగిపోయేదాన్ని. మూడు నెలలు దాటాక అది తగ్గింది, పరుగెత్తగలిగాను. కొందరికి ఈ కండరాలు నీరసపడటం కాక బిగుసుకుపోతాయి, కలయికలో నొప్పి ఉంటుంది. వాళ్లకు బిగించే వ్యాయామం బాధను పెంచుతుంది, వదులు చేయడం నేర్చుకోవాలి. రెండిటికీ తేడా మనంతట మనం చెప్పలేం. అందుకే ఆరు వారాల చెకప్‌కు వెళ్లినప్పుడు కుట్లు చూపించుకుని వచ్చేయకుండా, మూత్రం ఆగుతోందా, కలయికలో నొప్పి ఉందా అన్నవి మీరే ఎత్తి, పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు పంపమని అడగండి.