విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ: ఏ తగాదాకి ఏ గుమ్మం ఎక్కాలి

విశాఖ జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామంది నోట ఒకటే మాట: "లోక్ అదాలత్‌లో పెట్టుకుందామని వచ్చాం." ఆ ఒక్క పేరు కింద నాలుగు సేవలున్నాయి: మామూలు లోక్ అదాలత్, పర్మనెంట్ లోక్ అదాలత్, కోర్టు పంపే మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో రాజీ), వ్యాపార తగాదాలకి దావాకి ముందు జరిగే మీడియేషన్. వీటిలో ఒక్కదానికే తీర్పు చెప్పే అధికారం ఉంది. ఒక్కదానికే ఫీజు ఉంది. తెలియక తప్పు గుమ్మం ఎక్కితే నెలలు పోతాయి, కొన్నిసార్లు దావా గడువే పోతుంది.

మా అంచనా ముందే చెబుతున్నాం. ఎంత ఇవ్వాలన్న దగ్గర ఆగిన తగాదాకి ఈ సేవలు బాగా పనికొస్తాయి. ఆస్తి అసలు ఎవరిదన్న దగ్గర ఆగినదానికి అంతగా పనికిరావు. సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితా) ఉండి ప్రభుత్వమే హక్కు చెబుతున్న స్థలం గురించి ఇద్దరు ప్రైవేటు వ్యక్తులు ఎంత చక్కగా రాజీపడినా, ఆ కాగితంతో సబ్ రిజిస్ట్రారు దగ్గర పని జరగదు. ఫోర్జరీ ఆరోపణ ఉన్న సేల్ డీడూ అంతే.

మామూలు లోక్ అదాలత్‌తో మొదలుపెడదాం. బెంచి మీద న్యాయాధికారే కూర్చుంటారు గానీ అక్కడ ఆయన ఎవరిది తప్పో తేల్చరు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఆ అధికారం ఇవ్వలేదు. జాలౌర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని అవార్డుగా రాస్తారు. ఒకరు కాదంటే పెండింగు కేసు వచ్చిన కోర్టుకే తిరిగి వెళ్తుంది. ఒప్పుకున్నాక మాత్రం వెనక్కి దారి దాదాపు లేదు. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మోసంతో తీసుకున్నారని అనిపించినా ఇంకో దావా వేయడానికి వీల్లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2017లో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. కాబట్టి "ముందు సంతకం పెట్టండి, తర్వాత చూసుకోవచ్చు" అనేవాళ్ల మాట వినకండి.

లాభం చెప్పుకోవాలంటే మొదటిది కోర్టు ఫీజు. పెండింగు దావా లోక్ అదాలత్‌లో ముగిస్తే కట్టిన ఫీజు వాపసు వస్తుంది. పెద్ద మొత్తాల మనీ సూట్లలో (డబ్బు వసూలు దావాల్లో) ఇది చిన్న విషయం కాదు. వాపసుకి అర్హత ఉందన్న వాక్యం అవార్డులోనే ఉండేలా చూసుకోండి, లేకపోతే తర్వాత దానికోసం మళ్లీ పిటిషన్, మళ్లీ తిరుగుడు. ఇంకా దావా వేయని తగాదా అయితే ప్రీ లిటిగేషన్ కేసుగా, వాడుకలో పీఎల్‌సీగా, తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఎదుటివాళ్ల పూర్తి చిరునామా, ఫోన్ నంబరు, లెక్క ఎలా వచ్చిందో చూపే కాగితాల నకళ్లు జత చేయాలి. చిరునామా సగం సగం రాస్తే నోటీసు తిరిగొస్తుంది, పని అక్కడే ఆగుతుంది. "ఎంవీపీ కాలనీ, విశాఖ" అని రాస్తే పోస్టుమాన్ ఏం చేస్తాడు? సెక్టార్, డోర్ నంబరు, అపార్టుమెంటు పేరు, అన్నీ రాయాలి.

పీఎల్‌సీలో పెద్ద లోపం ఒకటుంది, చాలామంది అక్కడే దెబ్బతింటారు. అర్జీ ఇచ్చినంత మాత్రాన లిమిటేషన్ గడియారం, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు, ఆగదు. ప్రోనోటు బాకీకి మూడేళ్లే గడువు. రెండేళ్ల పది నెలలకి పీఎల్‌సీ వేసి, ఎదుటివాడు వాయిదాలు అడుగుతుంటే సరేనంటూ కూర్చుంటే మూడేళ్లు దాటిపోతాయి. ఆ తర్వాత అతను నవ్వుతూ "రాజీ కుదరలేదండీ" అంటాడు. విరుగుడు సులువే. మాటలు నడుస్తుండగానే, గడువు లోపలే, బాకీ ఒప్పుకుంటూ సంతకంతో విడి కాగితం తీసుకోండి, లేదా కొంత కట్టించుకుని ఆ చెల్లింపు అతని చేతే రాయించి సంతకం పెట్టించండి. అప్పటి నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. మధ్యవర్తి ముందు "ఇస్తానండీ" అన్న నోటిమాట ఇందుకు అక్కరకు రాదు. ఆ కాగితం కూడా రాకపోతే దావా వేసేసి రాజీ మాట్లాడుకోవడమే మంచిది. చీటీ డబ్బు సంగతి వేరు: రిజిస్టరు అయిన చీటీ తగాదా 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్స్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లాలి, సివిల్ కోర్టుకి కాదు.

జాతీయ లోక్ అదాలత్ రోజు గురించి ఒక మాట. ఆ రోజు కోర్టు ప్రాంగణం తిరునాళ్లలా ఉంటుంది. అప్పుడే మొదటిసారి బేరం మొదలుపెట్టేవాళ్లకి బెంచి దగ్గర దొరికే సమయం చాలదు. కొన్ని వారాల ముందే మీ కేసు ఉన్న కోర్టులో మెమో ఇచ్చి లోక్ అదాలత్ జాబితాలో పెట్టించుకుని, షరతులు ముందే రాసుకుని వెళ్లేవాళ్లకే ఆ శనివారం పనికొస్తుంది. కేసు నంబరు గుర్తు లేకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో పార్టీ పేరుతో వెతికితే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు దొరుకుతుంది.

ఇక పర్మనెంట్ లోక్ అదాలత్. నాలుగింటిలో మేము ఎక్కువ మార్కులు వేసేది దీనికే, జనానికి తక్కువ తెలిసిందీ ఇదే. అదే 1987 చట్టానికి చేసిన 2002 సవరణతో వచ్చింది. కరెంటు, నీళ్లు, పారిశుధ్యం, ఫోన్, పోస్టు, రవాణా, ఆసుపత్రి, బీమా వంటి ప్రజోపయోగ సేవల మీద తగాదాలు మాత్రమే ఇక్కడికి వస్తాయి, విలువ కోటి రూపాయల లోపు ఉండాలి. జిల్లా జడ్జిగా చేసినవారో ఆ స్థాయి అనుభవం ఉన్నవారో చైర్మన్‌గా, ఇద్దరు సభ్యులతో బెంచి ఉంటుంది. కోర్టు ఫీజు లేదు. తేడా ఏమిటంటే, రాజీ కుదరకపోతే ఈ బెంచి తానే తీర్పు చెప్పగలదు. ఎదుటి పక్షం ఒప్పుకోకపోయినా సరే. బీమా కంపెనీ క్లెయిము తోసిపుచ్చితే, మీటరు లోపానికి బ్యాక్ బిల్లింగ్ (గడిచిన నెలలకి కలిపి అదనపు బిల్లు) వేస్తే, ఇది వాడుకోవాల్సిన గుమ్మం.

రెండు జాగ్రత్తలు. కోర్టుకి వెళ్లకముందే ఇక్కడికి రావాలి, ఇక్కడ అర్జీ పెట్టాక అదే తగాదా మీద ఏ కోర్టుకీ వెళ్లకూడదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా ఇక్కడికి రావాలా అన్నది ముందే తేల్చుకోండి. ఇక్కడి తీర్పు మీద అప్పీలు లేదు, అక్కడ ఉంది. రెండోది: ఎదుటివాళ్లు రాలేదని బెంచి నేరుగా తీర్పులోకి దూకకూడదు. రాజీ ప్రయత్నం చేసి, షరతుల ముసాయిదా ఇరుపక్షాలకీ పంపాకే తీర్పు చెప్పాలని కెనరా బ్యాంకు, జయరామ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మెట్టు దాటేసిన అవార్డు హైకోర్టులో నిలబడదు. అందుకే ఎదుటివాళ్లు రాకపోయినా ముసాయిదా పంపారా లేదా అని గెలిచే పక్షమే పట్టుబట్టి అడగాలి. బీమా అర్జీకి పాలసీ కాపీ, క్లెయిము ఫారం, తిరస్కరణ లేఖ, సర్వేయరు నివేదిక, ఒరిజినల్ బిల్లుల నకళ్లు పెట్టండి, ఎంతమంది ప్రతివాదులుంటే అన్ని సెట్లు.

మీడియేషన్ సంగతికి వస్తే, నడుస్తున్న దావాని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 89 కింద కోర్టు మధ్యవర్తికి పంపుతుంది. లోక్ అదాలత్‌లో లేని తీరిక ఇక్కడ ఉంటుంది. ఇద్దర్నీ కలిపి ఒకసారి, విడివిడిగా ఎన్నిసార్లైనా మాట్లాడతారు. లోపల అన్నది బయటికి రాదు. కుదరకపోతే మధ్యవర్తి కోర్టుకి "కుదరలేదు" అని మాత్రమే రాయాలి, ఎవరు ఎంతకి దిగారో రాయకూడదు. అన్నదమ్ముల పంపకాలు, పొరుగింటి గోడ, బిల్డరుకీ స్థలం యజమానికీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ వాటాల గొడవ, ఇలాంటివాటికి ఇదే తగింది. చెడిపోయేది ఎక్కడంటే, నిర్ణయం తీసుకునే మనిషి రాకుండా లాయరునో అల్లుడినో పంపినప్పుడు. అమెరికాలో ఉన్న కొడుకు తరఫున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) హోల్డరు వస్తే, ఆ జీపీఏలో రాజీపడే అధికారం స్పష్టంగా రాసి ఉందో లేదో మొదటి రోజే చూడండి. మైనరు ఉంటే కోర్టు అనుమతి లేకుండా రాజీ చెల్లదు.

పంపకాల్లో ఆడపిల్లల్ని మర్చిపోవడం ఇంకో పెద్ద తప్పు. ఉమ్మడి ఆంధ్రలో పెళ్లికాని కూతుళ్లకి 1985 సెప్టెంబరు 5 నుంచే, దేశమంతటా కూతుళ్లందరికీ 2005 సెప్టెంబరు 9 నుంచి కోపార్సనరీ హక్కు (ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా) ఉంది. అన్నదమ్ములిద్దరూ సంతకం పెట్టి అక్కని వదిలేసిన అవార్డు ఆమెని కట్టడి చేయదు. ఆమె రేపు దావా వేస్తే అంతా మొదటికొస్తుంది.

వ్యాపార తగాదాలది విడి దారి. సరుకు బాకీలు, పోర్టు రవాణా కాంట్రాక్టులు, దుకాణం లీజులు లాంటివి మూడు లక్షలు, ఆ పైన ఉంటే కమర్షియల్ కోర్టుకి వెళ్తాయి. విశాఖలో ఆ కోర్టు ఉంది. అత్యవసర ఉత్తర్వు అడగని దావాకి కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ కింద ముందుగా మీడియేషన్ తప్పనిసరి. వెయ్యి రూపాయలు కట్టి ఫారం-1 ఇవ్వాలి. నోటీసు జారీ అయిన పది రోజుల్లోగా ఎదుటివాళ్లు స్పందించాలి. రాకపోతే తుది నోటీసు, అప్పటికీ రాకపోతే నాన్ స్టార్టర్ రిపోర్టు (మీడియేషన్ మొదలే కాలేదన్న నివేదిక), దాంతో దావా వేసుకోవచ్చు. వస్తే మధ్యవర్తి ఫీజు ఇద్దరూ సగం సగం: పది లక్షల వరకు 15,000, యాభై లక్షల వరకు 30,000. గడువు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. పీఎల్‌సీలా కాకుండా ఇక్కడ ఈ కాలం లిమిటేషన్ నుంచి మినహాయింపు. దీన్ని తప్పించుకోవడానికి లేని అత్యవసరం పుట్టించి ఇంజంక్షన్ ఐఏ (మధ్యంతర ఉత్తర్వు కోరే అర్జీ) తగిలించే అలవాటు కొందరికి ఉంది. కోర్టు దాన్ని పట్టేస్తే ప్లెయింటే (దావా పత్రమే) తిరస్కరణకి గురవుతుంది.

ఏ గుమ్మం ఎక్కినా చివరికి మిగిలేది రాజీ రాత. "ప్రతివాది వీలైనంత త్వరలో బాకీ తీర్చవలెను" అని రాసిన అవార్డుతో ఈపీ (అవార్డు అమలు చేయించే పిటిషన్) వేస్తే ఎప్పటికి తీర్చాలన్న దగ్గరే వాదం మొదలవుతుంది. ఇలా ఉండాలి: "ప్రతివాది ఆరు లక్షల రూపాయలు మూడు సమాన వాయిదాల్లో, ప్రతి నెలా 10వ తేదీ లోపు, వాది ఫలానా బ్యాంకు ఖాతాకి చెల్లించాలి. ఏ ఒక్క వాయిదా తప్పినా మిగిలిన మొత్తం ఒకేసారి, తప్పిన తేదీ నుంచి 12 శాతం వడ్డీతో వసూలు చేసుకునే హక్కు వాదికి ఉంటుంది." స్థలమైతే షెడ్యూలులో సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం గజాల్లో, నాలుగు హద్దులు, లింకు డాక్యుమెంటు (ఆ స్థలం పాత దస్తావేజు) నంబరు ఉండాలి, ప్లాను జతపరచాలి. దావాలో లేని ఆస్తిని రాజీలో కలిపితే ఆ భాగానికి రిజిస్ట్రేషన్ కావాలి. పంపకం అవార్డుకి స్టాంపు డ్యూటీ ప్రశ్నా వస్తుంది. ఇవి సంతకానికి ముందే తేల్చుకోవాలి.

చెక్ బౌన్స్ కేసు రాజీలో ఇంకో మెలిక. లోక్ అదాలత్‌లో అవార్డు అయ్యాక అవతలివాడు ఎగ్గొడితే, అది సివిల్ డిక్రీలా ఈపీతో వసూలు చేసుకోవాల్సిందే. సెక్షన్ 138 కింద ఉన్న చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు భయం అప్పటికి పోయి ఉంటుంది. కాబట్టి ఆ కేసుల్లో మొత్తం ఆ రోజే డీడీ రూపంలోనో ఖాతాకో వచ్చాక సంతకం పెట్టండి, కుదరకపోతే కనీసం సగమైనా ముందు తీసుకోండి. ఈపీకి పన్నెండేళ్ల గడువుంది నిజమే, కానీ ఎదుటివాడి పేరున జప్తుకి దొరికే ఆస్తో జీతమో లేకపోతే పన్నెండేళ్లు ఎందుకు? రాజీకి కూర్చునే ముందే ఎదుటివాడి ఆస్తి మీద ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒకటి తీయించి చూసుకోండి.