థాంక్స్‌గివింగ్ రోజు మధ్యాహ్నం పన్నెండుకే మూసేసే హెచ్ఈబీకి నా ఐదు స్టార్లు

డాలస్ వైపు ఉండేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా, ముఖ్యంగా ఈ మధ్యే వచ్చినవాళ్ళకి. థాంక్స్‌గివింగ్ అంటే నవంబరు నాలుగో గురువారం వచ్చే అమెరికా పండగ, ఆ రోజు పెద్ద షాపులు కాస్ట్‌కో ఉండదు, వాల్‌మార్ట్ ఉండదు, టార్గెట్ ఉండదు. మా ప్లేనోలో హెచ్ఈబీ (టెక్సాస్ సూపర్‌మార్కెట్) మాత్రం పొద్దున్న ఆరింటికి తీసి మధ్యాహ్నం పన్నెండుకి మూసేస్తుంది. ఫార్మసీ ఆ రోజు పూర్తిగా బంద్, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి కార్‌లో కూర్చుని తెచ్చుకునే కర్బ్‌సైడ్ కూడా ఉండదు, కాబట్టి బీపీ, షుగర్ మాత్రలు అయిపోతుంటే బుధవారమే తెచ్చేసుకోండి.

మనకి ఆ రోజు వండుకునే టర్కీ కోడితో పెద్ద పనేం లేదు కదా, కానీ ఇక్కడ సంక్రాంతికి సెలవుండదు, దసరాకి ఉండదు, దీపావళి కూడా వీకెండ్‌కి జరుపుకుని చేసుకునేవాళ్ళమే, మా తోడికోడలు వాళ్ళు హ్యూస్టన్ నుంచి, మా అన్నయ్య వాళ్ళు ఆస్టిన్ నుంచి పిల్లల్ని వేసుకుని వచ్చి నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఉండేది ఈ ఒక్క సెలవుకే. అందుకే ఇల్లంతా నిండిపోయి ఉంటుంది, పెరుగు ఎంత తెచ్చినా చాలదు, గురువారం పొద్దున్న ఎవరో ఒకరు షాప్‌కి పరిగెత్తాల్సిందే.

మొన్న పదకొండు దాటాక వెళ్ళాం, పార్కింగ్ దొరకడం కష్టమైంది కానీ లోపల నేననుకున్నంత గోల లేదు. కొత్తిమీర ఉంది, పచ్చిమిర్చి సెరానోలు ఉన్నాయి, పెద్ద డబ్బా పెరుగు చివరి వరసలో రెండో మూడో మిగిలాయి, హెవీ క్రీమ్ ఉండే షెల్ఫ్ మాత్రం ఊడ్చేసినట్టుంది, అక్కడ పంప్‌కిన్ పై చేసుకునేవాళ్ళు ముందే వచ్చేసి ఉంటారు. పదకొండున్నర నుంచి మైక్‌లో చెప్తూనే ఉన్నారు, పన్నెండుకి మూసేస్తున్నాం బిల్లింగ్‌కి రండి అని. కౌంటర్లన్నీ తెరిచి పెట్టారు, లైన్ పొడుగ్గానే ఉంది కానీ ఆగకుండా కదిలింది. మా సామాను బ్యాగుల్లో సర్దిన కుర్రాడు గుడ్లు విడిగా పెడుతూ ఇంకో అరగంటలో ఇంటికెళ్ళిపోతా, అమ్మమ్మ వాళ్ళంతా వచ్చారు అన్నాడు. ఆ మొహంలో సంతోషం చూస్తే నాకెంత బావుందో. మేం బయటికొచ్చేసరికి తలుపు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు, వచ్చేవాళ్ళకి టైమ్ చెప్పి మర్యాదగానే వెనక్కి పంపుతున్నాడు.

నేను ఐదు స్టార్లు ఇచ్చేది సామాను గురించి కాదు, అలా పన్నెండింటికే మూసేయడం గురించి. ఎందుకో చెప్తాను, పదేళ్ళ కిందట ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బ్లాక్ ఫ్రైడే అంటే థాంక్స్‌గివింగ్ మర్నాటి పెద్ద సేల్‌కి శుక్రవారం తెల్లారగట్ల లైన్లు కట్టడం, అది కాస్తా మెల్లగా గురువారంలోకి పాకింది. వాల్‌మార్ట్ 2011లో గురువారం రాత్రి పదింటికి సేల్ మొదలెట్టింది, 2012లో ఎనిమిదికి, 2013లో ఆరింటికి. మేసీస్ అనే పెద్ద షాపు 2013లో మొదటిసారి గురువారం రాత్రి తెరిచింది, అదే ఏడు ఇంకో పెద్ద షాపు కేమార్ట్ అయితే గురువారం పొద్దున్న ఆరింటికే. ఒకడు గంట ముందు తెరిస్తే పక్కవాడు ఇంకో గంట ముందు, భోజనాలు అయ్యాయా లేదా ఎవరికీ పట్టలేదు.

నాకు బాగా దగ్గరైన ఒక అక్క అప్పట్లో మాల్‌లో ఒక పెద్ద బట్టల షాపులో చేసేది, పేరు వద్దులెండి. భర్త వీసా మీద వచ్చే హెచ్4 మీద చాలాకాలం ఇంట్లో ఉండి, ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్ వచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం, వదులుకోలేని పరిస్థితి. గురువారం సాయంత్రం నాలుగుకి షిఫ్ట్, అర్ధరాత్రి దాటేది ఇంటికొచ్చేసరికి. పిల్లలిద్దరూ మా ఇంట్లోనే తిని పడుకునేవాళ్ళు, తను డబ్బాలో తీసుకెళ్ళిన పులిహోర బ్రేక్ రూమ్‌లో నిలబడే తినేదిట, ట్రయల్ రూముల్లో జనం వదిలేసిపోయిన బట్టలు మోకాళ్ళ ఎత్తు పడి ఉంటే అవన్నీ మళ్ళీ హ్యాంగర్లకి తగిలించేదాకా వదిలేవాళ్ళు కాదు. ఆ సెలవు రోజు డ్యూటీ వద్దు అంటే తర్వాత వారం గంటలు తగ్గించేవాళ్ళు. పోనీ కొనేవాళ్ళకైనా ఒరిగిందా అంటే, ఆ యాడ్‌లో టీవీ కింద చిన్న అక్షరాల్లో స్టోర్‌కి కనీసం ఇన్ని పీసులు అని ఉండేది చూడండి, ముందు నిలబడ్డ కొద్దిమందికే అవి, మిగతావాళ్ళు ఎందుకొచ్చామా అనుకుంటూ ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళేవాళ్ళు.

ఈ పండగని షాపుల కోసం సర్దడం కొత్తేం కాదు లెండి. 1939లో నవంబరుకి ఐదు గురువారాలొచ్చాయి, చివరి గురువారం అంటే 30వ తేదీ, క్రిస్మస్ షాపింగ్‌కి రోజులు తగ్గిపోతున్నాయని వ్యాపారులు మొత్తుకుంటే అప్పటి ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ వారం ముందుకి, 23కి జరిపేశాడు. సగం రాష్ట్రాలు ఒప్పుకోలేదు, మన టెక్సాస్ మాత్రం రెండు గురువారాలూ సెలవిచ్చింది. ఆ గొడవంతా అయ్యాక 1941లో నాలుగో గురువారం అని చట్టం చేశారు. మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, మెయిన్‌లలో అయితే ఆ రోజు పెద్ద షాపులు తెరవకూడదని ఇప్పటికీ చట్టమే ఉంది, బోస్టన్‌లో ఉండే మా ఫ్రెండ్స్‌కి ఈ గురువారం లైన్ల సంగతే తెలీదు.

2020లో కోవిడ్ వల్ల వాల్‌మార్ట్, టార్గెట్ గురువారం మూసేశాయి, ఆ తర్వాత మళ్ళీ తెరవలేదు, టార్గెట్ 2021లో ఇక ఎప్పటికీ ఇంతే అని చెప్పేసింది కూడా. డీల్స్ ఏమైనా ఆగాయా, నవంబరంతా ఆన్‌లైన్‌లో నడుస్తూనే ఉన్నాయి, ఇండియాకి పట్టుకెళ్ళే ల్యాప్‌టాప్ కూడా సోఫాలో కూర్చునే కొనుక్కుంటున్నాం.

హెచ్ఈబీలో లోటు ఏంటంటే పొద్దున్న షిఫ్ట్ వాళ్ళు ఆరింటికి ముందే రావాలి, అది నాకు తెలుసు. పూర్తిగా మూసే కాస్ట్‌కో ఇంకా మేలు అనేవాళ్ళున్నారు, కాదనను. కానీ రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్ళే నర్సులు పాలు, బ్రెడ్ తీసుకోవడం అక్కడే చూశా, పూట తెరిచి పూట వదిలేయడం నాకు న్యాయంగానే అనిపించింది. సాయంత్రం దాకా తెరిచే మన ఇండియన్ స్టోర్లు కొన్ని ఉన్నాయి, కరివేపాకు కోసం రాత్రి ఏడింటికి వెళ్ళేవాళ్ళు మనవాళ్ళే, దయచేసి ముందు రోజు తెచ్చుకోండి, ఆ కౌంటర్‌లో ఉండే ఆంటీకి కూడా ఇంట్లో చుట్టాలుంటారు.

వెళ్ళేట్టయితే గురువారం ఏడు ఎనిమిది మధ్య వెళ్ళండి, అన్నీ దొరుకుతాయి. బుధవారం సాయంత్రం మాత్రం ఆఫీస్ నుంచి అటే వెళ్దాం అనుకోకండి, కార్ట్ కూడా దొరకదు.