కొత్త బుల్లెట్ 350 కొనాలా, ఇంట్లో ఉన్న పాతదాన్ని బాగుచేయించాలా?

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఓఆర్‌తో మొదలయ్యే నంబరున్న పాత బుల్లెట్ ఒకటి వసారాలో పట్టా కప్పుకుని కనిపించడం మామూలే. తాతగారు కొన్నది, నాన్నగారు తిప్పింది. ఇప్పుడు కుర్రాడికి బండి కావాలి. షోరూంలో ధర అడిగితే గుండె జారుతుంది, పాతదాన్ని చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

మా అభిప్రాయం ముందే చెప్తున్నాం. రోజూ డ్యూటీకి వెళ్ళిరావడానికైతే కొత్తది కొనండి, బాగుంది. దానికి డబ్బు సర్దడం కోసం మాత్రం పాతదాన్ని అమ్మకండి. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అమ్ముతున్న బుల్లెట్ 2023 సెప్టెంబరు 1న విడుదలైంది. ఇంజన్ 349 సీసీ, బోరు 72 మి.మీ., స్ట్రోకు 85.8 మి.మీ. పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ 346 సీసీ, 70 బోరు, 90 స్ట్రోకు. అంకెలు దగ్గరగానే ఉన్నా లోపల పోలిక లేదు. పాతదాంట్లో పుష్ రాడ్లనే పొడవాటి కడ్డీలు వాల్వుల్ని ఎత్తుతాయి. కొత్తదాంట్లో వాల్వుల్ని తెరిచే క్యామ్ పైన హెడ్‌లోనే ఉంటుంది, చైనుతో తిరుగుతుంది. వణుకు తగ్గించడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. అందుకే గంటకు 80 కి.మీ.లో కూడా హ్యాండిల్ పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కవు, అద్దంలో వెనక లారీ నంబరు చదవొచ్చు. పాత బండి మీద అది కుదిరే పని కాదు.

శక్తి 20.2 బీహెచ్‌పీ, లాగుడు 27 న్యూటన్ మీటర్లు. ఆ లాగుడంతా 4000 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. వెనక మనిషి, ట్యాంకు మీద సంచీ ఉన్నా, లోడు లారీ వెనక మూడో గేరులో నింపాదిగా పోవచ్చు, మాటిమాటికీ రెండోదానికి దించక్కర్లేదు. బరువు మాత్రం 195 కిలోలు. పొట్టంగి దగ్గర వానాకాలం బురదలో బండిని వెనక్కి నెట్టాల్సి వస్తే ఆ బరువు భుజాలకి తెలుస్తుంది. సీటు ఎత్తు 805 మి.మీ. కాబట్టి ఐదున్నర అడుగుల మనిషి కాళ్ళు నేలకి ఆనతాయి.

రకం ఎంచుకోవడంలోనే చాలామంది తడబడుతున్నారు. విడుదలైనప్పుడు మిలిటరీ రకం షోరూం ధర సుమారు 1.74 లక్షలు, స్టాండర్డ్ 1.97, బ్లాక్ గోల్డ్ 2.16. మిలిటరీకీ స్టాండర్డ్‌కీ తేడా రంగు ఒక్కటే అనుకోకండి. మిలిటరీకి వెనక డ్రమ్ బ్రేకు, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం పట్టేయకుండా చూసేది) ముందు చక్రానికే. స్టాండర్డ్‌కి వెనక 270 మి.మీ. డిస్కు, రెండు చక్రాలకీ ఏబీఎస్. బరంపురం, పర్లాకిమిడి మైదానాల్లో తిరిగేవాళ్ళకి మిలిటరీ చాలు, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్లు రెండు కొనుక్కోవచ్చు. కోరాపుట్ నుంచి వారంవారం సాలూరు దిగేవాళ్ళు మాత్రం స్టాండర్డే తీసుకోండి. తడిసిన ఎర్రమట్టి రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన మలుపులో, ఇద్దరి బరువుతో దిగుతూ వెనక బ్రేకు గట్టిగా తొక్కితే డ్రమ్ము చక్రాన్ని పట్టేస్తుంది, బండి తోక పక్కకి జారుతుంది. రెండో ఏబీఎస్ ఉన్నది అలాంటి చోటుకే.

లోపాలూ ఉన్నాయి. కొత్త బుల్లెట్‌కి కిక్కర్ లేదు. బ్యాటరీ 8 ఏహెచ్. పెట్రోలు కార్బొరేటర్ నుంచి కాకుండా పంపుతో ఇంజెక్టర్‌కి వెళ్తుంది కాబట్టి, బ్యాటరీ నీరసిస్తే సెల్ఫ్ తిరగదు, పంపూ సరిగా పనిచేయదు, తోసి స్టార్ట్ చేయడమూ కష్టమే. కొడుకు బెంగుళూరులో, బండి జయపురంలో ఉండే ఇళ్ళలో ఇదే పెద్ద తలనొప్పి. మూడు వారాలకి మించి బండి కదలదనుకుంటే బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి ఉంచండి, లేదా చిన్న ఆటోమేటిక్ చార్జర్ పెట్టుకోండి. కదలకుండా నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల ఉపయోగం లేదు. సెల్ఫ్ తాగిన కరెంటు కూడా తిరిగి ఎక్కదు.

రెండోది పంక్చరు. స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. ముందు 19 అంగుళాలు, వెనక 18. పాత బుల్లెట్‌కి రెండూ 19 కావడంతో ఒక్క ట్యూబు వెంట ఉంటే ఏ చక్రానికైనా పనికొచ్చేది. ఇప్పుడు రెండు సైజులూ మోయాలి. లక్ష్మీపూర్, నారాయణపట్నం రోడ్లలో పంక్చరు వేసేవాళ్ళు దొరుకుతారు కానీ వాళ్ళ దగ్గర ఉండేవి ఎక్కువగా కమ్యూటర్ బండ్ల ట్యూబులు. రెండు ట్యూబులు, రెండు టైరు లివర్లు, వెనక ఇరుసు నట్టుకి సరిపోయే స్పానరు పెట్టెలో ఉండాల్సిందే.

హెడ్‌లైటు హాలోజన్. డిసెంబరు తెల్లవారుజామున సిమిలిగుడ పొగమంచులో ఆ పసుపు వెలుగు తెల్లటి ఎల్ఈడీలా ఎదురు కొట్టదు, అది మంచిదే. మామూలు చీకట్లో మాత్రం ఘాటీ మలుపులకి చాలదు. ఎక్కువ వాట్ల బల్బు వేయించకండి. హోల్డరు కరుగుతుంది, వైరింగ్ ముట్టుకున్నారని వారంటీ దగ్గర పేచీ వస్తుంది. చైనుకి 500 కి.మీ.కి ఒకసారి, వానలో నడిపితే ఇంటికి రాగానే, చైన్ లూబ్ కొట్టండి. వానాకాలం స్పోకుల మొదళ్ళలో తుప్పు మొదలవుతుంది, కడిగాక తుడిచి ఆరబెట్టడమే మందు. దమంజోడి వైపు దుమ్ము రోడ్ల మీద తిరిగితే ఎయిర్ ఫిల్టర్‌ని సర్వీసు పుస్తకం చెప్పిన దూరం దాకా ఆపకుండా ముందే తీసి చూడండి. పికప్ తగ్గి మైలేజీ పడిపోతే మొదటి అనుమానం దాని మీదే.

ఇక ధర ఇంత ఎందుకు పెరిగింది? కంపెనీ లాభం ఒక్కటే కారణం కాదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. 2022 జూన్ రేట్లలో 150 నుంచి 350 సీసీ బండికి అది 7,365 రూపాయలు, పైన జీఎస్టీ. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధన వచ్చింది. కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్, సెన్సార్లు, సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చి చేరాయి. ఇవన్నీ అవసరమైనవే, కానీ అన్నిటికీ డబ్బు కొనేవాడే పెట్టాలి. ఒక్క ఊరట 2025 సెప్టెంబరు 22న దొరికింది. 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 1.74 లక్షల బండిలో సుమారు 38 వేలు పన్నే ఉండేది, అదే మూలధరకి ఇప్పుడది 24 వేలకు కాస్త పైన. షోరూంవాళ్ళు తగ్గిన జీఎస్టీ చూపించి ఆ పక్కనే యాక్సెసరీల పేరుతో లెక్క పెంచితే ఒప్పుకోకండి. క్రాష్ గార్డు, సీటు కవరు, పాలిష్ ప్యాకేజీ మనం అడిగితేనే బిల్లులో ఉండాలి.

కొన్నాక ఖర్చు పెద్దగా భయపెట్టదు. ఘాటీ, మైదానం కలిపి లీటరుకి 35 కి.మీ. దరిదాపుల్లో ఇస్తుంది. 15డబ్ల్యూ50 ఆయిలు వాడాలి. అసలు బెంగ వేరే ఉంది. ఇంజన్ లైటు వెలిగితే మన మేస్త్రి చేతిలో పని లేదు, స్కానర్ ఉన్న షోరూంకే పోవాలి. మల్కాన్‌గిరి వైపు ఉండేవాళ్ళకి ఆ రానుపోను ప్రయాణమే సర్వీసు బిల్లుకంటే బరువవుతుంది.

పాత బుల్లెట్ గొప్పతనం ఇక్కడే ఉంది. మూడు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజితో ఇంటి అరుగు మీదే చాలా పని అయిపోతుంది. పని తెలిసిన పెద్దాయన ఇంట్లో ఉండగానే కుర్రాడు పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

స్టార్టింగ్‌తో మొదలుపెట్టండి. తాళం తిప్పి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్కర్‌ని మెల్లగా దించండి. ఆంపియర్ మీటరు ముల్లు ఎడమకి వాలి మళ్ళీ మధ్యకి వస్తుంది. అంటే ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు తెరుచుకున్నాయన్నమాట. కాలికి గట్టిగా ఆనిన చోట, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషర్ లివర్ నొక్కి, పిస్టన్‌ని ఆ గట్టి చోటు దాటించి, లివర్ వదిలేయండి. కిక్కర్ పైకి రానిచ్చి ఒక్క నిండు తొక్కు. చలికాలం చోక్ వేయండి. ఇంత చేసినా కిక్కర్ ఎదురుతన్నితే బలం చాలక కాదు. నిప్పురవ్వ పడే టైమింగ్ ముందుకి జరిగి ఉంటుంది, లేదా వేగాన్ని బట్టి దాన్ని మార్చే ఆటో అడ్వాన్స్ యూనిట్ స్ప్రింగులు సాగి ఉంటాయి. అది సరిచేయకుండా మళ్ళీమళ్ళీ తొక్కితే చీలమండ విరుగుతుంది.

పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. టాపెట్లు, అంటే వాల్వుల్ని కదిపే భాగాల మధ్య సందు, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద పిస్టన్ పైన ఉన్నప్పుడు చూడాలి. కవరు నట్టు తీస్తే పుష్ రాడ్లు కనిపిస్తాయి. రెండు వేళ్ళతో తిప్పితే రాడ్డు సులువుగా తిరగాలి, పైకీ కిందికీ కదలిక ఉండకూడదు. చప్పుడు పోవాలని ఇంకాస్త బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కొన్నాళ్ళకి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. ఆ బండి టకటక కొంచెం చేస్తుంది, చేయనివ్వండి.

నెలల తరబడి నిలబడ్డ బండిలో ఆయిలు ట్యాంకు నుంచి పంపు సందుల్లోంచి క్రాంక్ కేసులోకి దిగిపోతుంది. పొద్దున్న డిప్ స్టిక్ తీస్తే ఆయిలు లేనట్టే కనిపిస్తుంది. అది చూసి పైన అర లీటరు పోస్తారు. స్టార్ట్ చేయగానే వీధంతా పొగ, బ్రీదర్ పైపులోంచి ఆయిలు. ఇంజన్ కొన్ని నిమిషాలు నడిచి ఆగాకే లెవెల్ చూడాలి. 20డబ్ల్యూ50 పోసి, రెండు మూడు వేల కి.మీ.కి మార్చేయండి. బిగ్ ఎండ్‌లో, అంటే కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోట, ఉన్నది ఫ్లోటింగ్ బుష్, ఆయిలు పాతబడినా తగ్గినా ముందు పోయేది అదే. టాప్ గేరులో ఘాటీ ఎక్కిస్తూ గుగ్గుగ్గుమనిపించడం దాన్ని చేతులారా చంపడమే.

డబ్బు పెట్టే వరుస కూడా ముఖ్యం. ముందు బ్రేకు లైనర్లు, టైర్లు, వైరింగ్. ఆ తర్వాతే ఇంజన్. క్రోమియం, పెయింటు అన్నిటికన్నా చివర. బోరు చేయించాల్సి వస్తే 20, 40, 60 ఓవర్‌సైజుల్లో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) పిస్టన్లు ఉన్నాయి. పిస్టన్ ముందు కొని, దాని కొలతకే బోరు చేయించండి. సాలూరు లారీ పనివాళ్ళ ఊరు, లేత్ పనికి వెతుక్కోనక్కర్లేదు. పిస్టన్‌కీ బోరుకీ మధ్య క్లియరెన్స్ బిగుతుగా ఉంచారో, మొదటి ఎత్తులోనే పిస్టన్ పట్టేస్తుంది. మొదటి 800 కి.మీ. గంటకు యాభై దాటకుండా, ఘాటీ ఎక్కకుండా నడపండి.

రెండు బండ్లూ ఒకే ఇంట్లో ఉంటే ఒక జాగ్రత్త. పాతదానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి; మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. కొత్తదానికి అంతా ఎడమా కుడీ తారుమారు. కంగారులో కాలు అలవాటైన వైపే తొక్కుతుంది, బ్రేకు బదులు గేరు పడుతుంది. బండి మారినప్పుడల్లా ఖాళీ చోట పది నిమిషాలు తిప్పి చూశాకే రోడ్డెక్కాలి.

2009 తర్వాత వచ్చిన యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండేది) బండిని సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళకి రెండు మాటలు చాలు. హైడ్రాలిక్ టాపెట్లు కనుక సర్దే పని లేదు. చల్లటి ఇంజన్‌ని సెల్ఫ్ మీద స్టార్ట్ చేయించి వినండి. గరగరమని జారిన శబ్దం వస్తే సెల్ఫ్ మోటారు తిప్పుడుని ఇంజన్‌కి అందించే స్ప్రాగ్ క్లచ్ పోయింది, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

చివరగా కాగితాలు. ధర తేడా ఉందని విజయనగరంలోనో విశాఖలోనో కొంటే, ఒడిశాలో 12 నెలలు దాటి తిప్పాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఇక్కడ ఓడీ నంబరు వేయించుకోవాలి. ఇక్కడి ట్యాక్సు మళ్ళీ కట్టి, అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్సులో రావాల్సింది విడిగా అడగాలి. ఆ తిరుగుడు లెక్కేస్తే మిగిలేది తక్కువ. పాత బండికి 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకొకసారి ఆర్సీ రెన్యూవల్ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 300 నుంచి 1,000 అయింది, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటినవాటికి 2,000. ఆలస్యమైతే నెలకి 300 అదనం. ఆర్సీ ఇంకా చనిపోయిన తాతగారి పేరునే ఉంటే ముందు ఫారం 31తో వారసుడి పేరుకి మార్పించండి. చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలే. మరణ ధృవీకరణ పత్రం, మిగతా వారసుల సమ్మతి కావాలి. ఆ మార్పు కాకుండా కట్టిన బీమాతో ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర చిక్కు తప్పదు కాబట్టి, మేస్త్రి దగ్గరికి బండి తోలేముందే ఆర్టీవో ఆఫీసు పని పూర్తి చేసుకోండి.