లంబసింగి చలికి మెరినో ఉన్ని టోపీ: వాడి చూసి రాస్తున్నది

చలికాలం తెల్లవారుజామున కొండల మీద కదలకుండా నిలబడే పని ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను: అసలైన ఉన్నితో అల్లిన పల్చటి టోపీ ఒకటి కొనుక్కోండి. జాకెట్ బడ్జెట్లోంచి కొంత తగ్గించుకునైనా సరే, కొనుక్కోండి.

నేను వాడుతున్నది హిమాచల్‌లో కొందరు ఆడవాళ్ళు కలిసి చేత్తో అల్లి పోస్టులో పంపించే మెరినో ఉన్ని టోపీ. మెరినో అంటే సన్నటి, మెత్తటి ఉన్నినిచ్చే గొర్రెల జాతి. టోపీ ముదురు ఆకుపచ్చ రంగు. ధర 1,150 రూపాయలు, పోస్టు ఖర్చు వేరు. పైన కుచ్చు లేదు. కింది అంచు నాలుగు వేళ్ళ వెడల్పున మడుచుకోవచ్చు, కిందికి దించితే చెవి తమ్మెలు కూడా లోపలికి వెళ్ళిపోతాయి. వంటింట్లో కాటా మీద పెడితే 65 గ్రాములు తూగింది. మడిచి జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు.

మాది అనకాపల్లి. నాకు పిట్టలు చూడటం పిచ్చి. డిసెంబరు, జనవరి నెలల్లో సెలవు దొరికితే చాలు, నేనూ మా ఆడపడుచూ ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి రాత్రికి రాత్రే బయల్దేరి నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కుతాం. వెలుగు రాకముందే లంబసింగిలో ఉండాలి. అక్కడి నుంచి చెరువులవేనం వైపు నడక, లేదా చింతపల్లి దారిలో కాఫీ తోటల అంచున. అంటే కాసేపు ఆయాసపడుతూ ఎక్కుతాం, తర్వాత చాలాసేపు చెట్టు కింద కొయ్యబొమ్మల్లా నిలబడతాం. టోపీకి అసలు పరీక్ష ఆ నిలబడినప్పుడే.

లంబసింగి సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో ఉంటుంది. శీతాకాలంలో చింతపల్లి మండలంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి రావడం మామూలే, సున్నాకి దగ్గరగా వెళ్ళిన రోజుల గురించి పేపర్లలోనూ చదివే ఉంటారు. అంకె కంటే మనిషిని బాధపెట్టేది అక్కడి తేమ. పొగమంచు తోట మీదికి దిగిందంటే సిల్వర్ ఓక్ చెట్ల ఆకుల నుంచి చినుకుల్లా నీళ్ళు రాలతాయి. కింద కాఫీ మొక్కలు, మొదళ్ళకి అల్లుకున్న మిరియాల తీగలు అన్నీ తడిసి ఉంటాయి. మన భుజాలు, జుట్టు, కనుబొమ్మలు కూడా. కాశ్మీరు మంచుకి పనికొచ్చే సరుకంతా ఇక్కడ పనికిరాదు. ఇక్కడ కావల్సింది తడిసినా వెచ్చగా ఉండే బట్ట.

ఉన్ని గొప్పతనం నాకు తెలిసింది ఇక్కడే. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమని లోపలికి పీల్చుకోగలదు, అయినా చేతికి తడి తగలదు. పైగా అలా పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని విడుదల చేస్తుంది. పోగు సహజంగానే మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ మెలికల మధ్య గాలి చిక్కుకుని నిలుస్తుంది. చలిని ఆపేది ఆ గాలే. చలికాలం రాగానే రోడ్ల పక్కన కుప్పలు పోసి అమ్మే టోపీల్లో ఎక్కువ శాతం అక్రిలిక్‌వి. అక్రిలిక్ అంటే కృత్రిమ దారం, ఆ పోగు నీటిని దాదాపుగా పీల్చదు. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దాని లోపల జుట్టు మీదే ఉండిపోతుంది. నిలబడగానే ఆ చెమట చల్లబడి, మాడు మీద చల్లటి గుడ్డ వేసినట్టు అనిపిస్తుంది. ఊళ్ళో సాయంత్రం వాకింగ్‌కి అక్రిలిక్ సరిపోతుంది, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కొండ ఎక్కి నిలబడాలంటే మాత్రం ఉన్నికి సాటి రాదు.

ఈ సంగతి మన గొర్రెల కాపరులకి ఎప్పటి నుంచో తెలుసు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి చూడండి. నేత పోగుకి చింతగింజల గంజి పట్టిస్తారు. వానలో, చలిలో దాన్ని తల మీదుగా కప్పుకుని రాత్రంతా మంద దగ్గర ఉండిపోతారు. తడి గొంగడి కూడా వెచ్చగా ఉంటుందని ఏ కాపరినడిగినా చెబుతాడు. అయితే దక్కనీ ఉన్ని ముతక, నేరుగా నుదుటికి తగిలితే దురద పుడుతుంది. పోగు మందం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే చర్మానికి గుచ్చుకుంటుంది. మెరినో ఉన్ని సాధారణంగా 20 మైక్రాన్ల దగ్గర ఉంటుంది కాబట్టి వంగిపోతుందే తప్ప గుచ్చుకోదు. నాది సున్నితమైన చర్మం. బొట్టుబిళ్ళ జిగురు కూడా ఒక్కోసారి పడదు. అయినా ఈ టోపీ పొద్దుటి నుంచి పది గంటల దాకా నుదుటి మీద ఉన్నా గీరుకోవాలనిపించలేదు. బొట్టుబిళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను, అంచు కనుబొమ్మల దాకా దించితే బిళ్ళ ఊడి టోపీ లోపల అతుక్కుంటుంది. తీయకపోతే ఆ జిగురుకి పోగులు పట్టుకుని ఉండ కడతాయి. కొండకి వెళ్ళే రోజు కుంకుమో, మామూలు తిలకమో పెట్టుకోవడం మేలు.

చెవుల గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే నేను ఈ టోపీని ఇంతగా ఇష్టపడటానికి అసలు కారణం అదే. పిట్టలు చూడటం అంటాం గానీ తెల్లవారుజామున పని చేసేది చెవులే. మంచులో పది అడుగుల అవతల ఏమీ కనిపించదు. గ్రీనిష్ వార్బ్లర్ శీతాకాలం అంతా మన కొండల్లోనే ఉంటుంది, గోరంత పిట్ట, ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది. అది ఉన్నట్టు తెలిసేది సన్నగా, రెండు ముక్కలుగా విరిచినట్టు వచ్చే దాని కూత వల్లే. జాకెట్‌కి ఉండే హుడ్ వేసుకుంటే తల తిప్పిన ప్రతిసారీ చెవి పక్కన కరకరమని చప్పుడు, ఇంక ఆ కూత వినపడదు. మంకీ క్యాప్ వెచ్చగానే ఉంటుంది, కానీ మందం వల్ల సన్నటి శబ్దాలు ఆగిపోతాయి. గడ్డం కింద బిగుతు, ఊపిరి ఆవిరికి మూతి దగ్గర తడి కూడా తప్పవు. మా అమ్మ చెప్పే పద్ధతి చెవుల్లో దూది. చలికి అంతకన్నా సులువైన మందు లేదు, కానీ వినడానికే వెళ్ళినవాళ్ళకి అది కుదరదు.

ఈ టోపీ అంచుని మడవకుండా దించితే చెవుల మీద ఒకటే పొర ఉంటుంది. ఆ పొర చలి కోతని ఆపుతుంది, కూతని రానిస్తుంది. వార్బ్లర్ కూత కొంచెం మెత్తబడి వినిపిస్తుంది, అయినా ఏ వైపు నుంచి వస్తోందో చెప్పగలను. అంచు మడిచి రెండు పొరలు చేస్తే మాత్రం అది సగానికి సగం తగ్గిపోతుంది, గుడ్లగూబల్లాంటి పెద్ద గొంతు పిట్టలు తప్ప మిగిలినవి వెతుక్కోవాలి. అందుకే నేను ఎక్కేటప్పుడు మడిచి చెవులు బయటికి ఉండేలా పైకి లాగేస్తాను, నిలబడేటప్పుడు దించుతాను. పిట్టలతో పని లేనివాళ్ళు నిలబడినప్పుడు కూడా రెండు పొరలే వేసుకోండి, ఇంకా వెచ్చగా ఉంటుంది.

తల కప్పుకుంటే ఒళ్ళంతా వెచ్చబడుతుందని, ఒంట్లో వేడిలో సగం తల నుంచే పోతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు అమెరికన్ వైద్యులు ఇలాంటి నమ్మకాలు కొన్నింటిని పరిశీలించి, ఇది నిజం కాదని రాశారు. తల మన ఒంటి ఉపరితలంలో పదో వంతుకి మించదు, పోయే వేడీ దాదాపు ఆ లెక్కనే ఉంటుంది. అయినా టోపీ పెట్టుకోగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉండటానికి కారణాలు ఉన్నాయి. ముఖం, చెవులు చలిని బాగా పట్టించుకునే భాగాలు. చెవి డొప్పలో కొవ్వు దాదాపు లేదు, పల్చటి చర్మం, మృదులాస్థి అంతే. చలికి చేతుల్లో రక్తనాళాలు ముడుచుకున్నంతగా మాడు మీద ముడుచుకోవు. కాబట్టి ఒంటి మీద స్వెటర్ లేకుండా టోపీ ఒక్కటీ పెట్టుకుని వెళ్తే చలి ఆగదు. స్వెటరూ జాకెట్టూ ఉన్నాయి, తల మాత్రం బోడిగా ఉంది అనుకోండి, అప్పుడు ఈ 65 గ్రాములు చేసే మేలు వేరే ఏదీ చెయ్యదు.

లంబసింగి సెంటర్లో మేము ఆగే టీ కొట్టు ఆవిడ టోపీని చేత్తో నలిపి చూసి, "ఇంత పల్చగా ఉంది, చలాగుతాదేటమ్మా?" అని అడిగింది. తీసి ఆవిడ తలకే తొడిగాను. టీ కాచి గ్లాసుల్లో పోసేదాకా ఉంచుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు ధర అడిగింది. చెప్పాను. "మా ఇంటిల్లిపాదికీ దుప్పట్లు వస్తాయి కదమ్మా" అంది. ఆవిడ మాటని నేను కాదనలేను. ఒక టోపీకి 1,150 చాలామందికి ఎక్కువే. చేతి అల్లికకీ, మెరినో నూలుకీ అయ్యే ఖర్చు తెలుసు కాబట్టి నాకు అన్యాయం అనిపించలేదు. కానీ ఏడాదికి ఒకసారి పిల్లలతో అరకు వెళ్ళి వచ్చే కుటుంబం నలుగురికీ ఇదే కొనాల్సిన అవసరం లేదు.

ఇక నచ్చనివి. ఎదురు గాలికి ఆగదు. అల్లిక కాబట్టి కన్నాల్లోంచి గాలి దూసుకొస్తుంది. చెరువులవేనం పైన గాలి ఎక్కువైన రోజున దీని మీద హుడ్ కప్పుకోక తప్పలేదు. బైకు మీద వెళ్ళేవాళ్ళు హెల్మెట్ కింద దీన్ని పెట్టుకోవద్దు. హెల్మెట్ తలకి పట్టినట్టు కూర్చోదు, అది ప్రమాదం. బండి దిగాక పెట్టుకోండి. రెండోది, జుట్టు. నాది పొడుగు జడ. ముడి పైకి వేస్తే టోపీ లేచిపోయి చెవులు బయటపడతాయి. మెడ దగ్గర కిందికి ముడి వేసుకుంటేనే సరిగ్గా కూర్చుంటుంది. ముడి కోసం వెనక కన్నం ఉంచి అల్లితే బాగుండేది, వాళ్ళకి రాసి అడిగాను కూడా. మూడోది, ఉత్తరేణి. దారి పక్క పొదల్లోకి తల దూరిస్తే ఆ గింజలు ఉన్నికి పట్టుకుంటాయి. లాగితే పోగు లేస్తుంది. ఇంటికొచ్చాక దువ్వెన పళ్ళతో ఒక్కొక్కటీ నెమ్మదిగా తీయాలి.

కొబ్బరినూనె సంగతి ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను. నూనె రాసిన తల మీద ఉన్ని టోపీ పెడితే నూనె పోగుల్లోకి వెళ్తుంది. కొన్ని వారాలకి మక్కు వాసన పట్టుకుంటుంది. ఉన్నికి చెమట వాసన త్వరగా పట్టదు, అది నిజంగా దాని సుగుణమే, కానీ నూనె విషయంలో ఆ సుగుణం పనిచెయ్యదు. ప్రయాణానికి ముందు రోజు నూనె పోయేలా తలస్నానం చేసి వెళ్ళండి.

ఉతకడానికి కుంకుడుకాయ రసాన్ని మించింది లేదు. చన్నీళ్ళలో రసం కలిపి కాసేపు నానబెట్టి, చేత్తో నెమ్మదిగా అదమాలి. వేడి నీళ్ళు వద్దు, బ్రష్ వద్దు, మెషీన్ అసలే వద్దు. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడికీ రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట మొత్తం దగ్గరికి గుంజుకుపోతుంది, మళ్ళీ సాగదు. మెలి పెట్టి పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తి, నీడలో నేల మీద పరిచి ఆరబెట్టాలి. తాడు మీద వేలాడదీస్తే సాగిపోతుంది. వానాకాలం దాచేటప్పుడు బాగా ఆరాక మాత్రమే డబ్బాలో పెట్టండి. మా వైపు ఉక్కకి బూజూ పురుగూ రెండూ వస్తాయి. నేను ఎండిన వేపాకులు పల్చటి గుడ్డలో మూట కట్టి వేస్తాను.

కొన్నది నిజంగా ఉన్నేనా అని అనుమానం వస్తే లోపలి వైపు వేలాడే ఒక పోగు తుంచి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లకి చూపించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ కారణంగానే చలిమంట దగ్గర కూర్చునేవాళ్ళకి ఉన్ని మంచిది, నిప్పురవ్వ పడితే అక్రిలిక్‌కి వెంటనే కన్నం పడుతుంది.

హైదరాబాద్, విశాఖ వాకర్లకి ఇది ఎక్కువే. పదిహేను డిగ్రీలు దాటితే చెమట పట్టేస్తుంది, మామూలు నూలు టోపీ చాలు. లంబసింగి, వంజంగి, అరకు, ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున తిరిగేవాళ్ళు, హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్ళేవాళ్ళు, చలి దేశాల్లో పిల్లల ఆటలకి గ్రౌండ్ బయట నిలబడే మనవాళ్ళు కొనుక్కోవచ్చు. ఇలా చేత్తో అల్లేవాళ్ళు ఆర్డరు వచ్చాకే మొదలుపెడతారు, నాకు మూడు వారాలు పట్టింది. సంక్రాంతి సెలవులకి కావాలంటే నవంబరులోనే చెప్పండి. కనుబొమ్మల పై నుంచి చెవుల మీదుగా తల చుట్టుకొలత తీసి పంపండి, మామూలుగా వేసుకునే ముడితోనే కొలవండి, రెండు సెంటీమీటర్లు తక్కువ అల్లమని అడగండి. వాడేకొద్దీ అంచు అంత సాగుతుంది.