యాక్ట్‌బ్లూలో ఎన్నికల విరాళం: నా అనుభవం

అమెరికా పౌరసత్వం వచ్చాక తొలిసారిగా, 2024లో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌కు పోటీ చేస్తున్న ఒక అభ్యర్థికి యాక్ట్‌బ్లూ ద్వారా 25 డాలర్లు పంపాను. లాభాపేక్ష లేని ఈ సంస్థ 2004 నుంచి డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థులకు విరాళాలు చేరవేస్తోంది. ప్రతి విరాళంలోనూ 3.95 శాతం రుసుము మినహాయించుకుంటుంది. చెల్లింపు రెండు నిమిషాల్లో పూర్తయింది.

పేరు, చిరునామాతో పాటు ఎక్కడ పనిచేస్తున్నానో, ఏ ఉద్యోగమో అడిగినప్పుడు కొంత సంకోచించాను గాని, ఒక దాత ఇచ్చిన మొత్తం 200 డాలర్లు దాటితే ఆ వివరాలు చూపవలసిన బాధ్యత అభ్యర్థిపై చట్టరీత్యా ఉంది. పైగా యాక్ట్‌బ్లూ మధ్యవర్తి కనుక, ఫెడరల్ (జాతీయ స్థాయి) అభ్యర్థికి 5 డాలర్లిచ్చినా దాత పేరు ఫెడరల్ ఎన్నికల కమిషన్ రికార్డుల్లోకి వెళ్తుంది, ఎవరైనా వెతికి చూడవచ్చు. ఈ పారదర్శకత నాకు బాగా నచ్చింది. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే ఇవ్వాలి. హెచ్‌-1బీ వీసాపై ఉన్న మనవాళ్లు స్నేహితుడి పేరున ఇప్పించి ఆ డబ్బు అతనికి తిరిగి ఇవ్వడం కూడా చట్టవిరుద్ధమే.

నన్ను బాధించింది ఆ అభ్యర్థి ప్రచారవర్గం తీరు. కృతజ్ఞత తెలిపే ఒక్క మాటైనా లేకుండానే, వారం తిరగకముందే మళ్లీ విరాళం అడుగుతూ రోజుకు ఐదారు సందేశాలు మొదలయ్యాయి. విరాళాల త్రైమాసిక లెక్కలు ముగిసే రోజున అర్ధరాత్రి వరకు ఫోన్ మోగుతూనే ఉంది. 'స్టాప్' అని బదులిస్తే ఆ నంబరు ఆగింది, మరో నంబరు మొదలైంది.

అదే వేసవిలో మా వీధిలోని ఒక తెలుగువారి ఇంట్లో, స్థానిక బడులను చూసుకునే స్కూల్ బోర్డుకు పోటీ చేస్తున్న ఒకావిడ ఇరవై మందితో కూర్చుని, పేపరు ప్లేటులో పెట్టిన గారెలు తింటూ, మా పిల్లల బస్సు ఉదయం ఎందుకు ఆలస్యమవుతోందో అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నారు. విరాళం మాట ఆవిడ ఎత్తలేదు; వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒక కార్యకర్త క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం చూపించారు, స్కాన్ చేస్తే తెరుచుకున్నది యాక్ట్‌బ్లూ పేజీయే. పది రోజులకు ఆవిడ చేతిరాతతో ఒక పోస్టుకార్డు వచ్చింది, అందులో బస్సు సంగతి కూడా ఉంది. నవంబరులోగా ఆవిడకు మరో రెండుసార్లు పంపాను.